మగ్గం గుంతలో కాకర విత్తనాలు

తన ఇంటి వసారాలో చౌడమ్మ మూట విప్పేసరికి చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా ముందుకు వంగారు. గుడ్డ మడతల మధ్య కాకర విత్తనాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కదానికీ ముక్కు పగల్లేదు. పైగా జిగురు పట్టి వేళ్లకు అంటుకుంటూ, పులిసిన గంజి వాసన కొడుతున్నాయి. చౌడమ్మ ఒక గింజను రెండు వేళ్లతో ఎత్తి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ గుడ్డలో పడేసింది.

"ఈ మూట ఎవురు కట్టినారు?" అంది.

ఎవరు కట్టారో ఆమెకు తెలియదా ఏమిటి! కట్టేటప్పుడు పక్కన కూర్చుని ముడి బిగించమన్నది ఆమే. అయినా అడిగింది. అడిగితే అందరూ ఒకవైపే చూస్తారని ఆమెకు తెలుసు. అందరూ అటే చూశారు. శివపార్వతి వసారా స్తంభం పక్కన చేట పట్టుకుని కూర్చుని ఉంది.

"నేనే కట్టినా గదత్తా" అంది. వీధిలో చిన్నవాళ్లంతా చౌడమ్మను అత్తా అనే పిలుస్తారు.

చౌడమ్మ కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకున్నా బాగుండేది. ముసలితనపు మెత్తదనం గొంతులోకి తెచ్చుకుని, తప్పంతా తనమీదే వేసుకున్నట్టుగా మాట్లాడింది. "నిన్నేమీ అంటల్యా పార్వతీ. శుభమా అని ఇత్తనం పెడతా నీ చేత కట్టించినాం సూడు, మాకుండాల బుద్ధి. నీ మొగుడు పోయి ఏడాది తిరగల్యా. ఆ చెయ్యి తగిల్తే ఇత్తనం యాడ మొలుస్తాది?"

స్వర్ణలత ఒక్కతే నోరు తెరవబోయింది. ఆ వీధికి కోడలై వచ్చి రెండేళ్లయినా కాలేదు, అత్తగారు పక్కనే ఉంది, పాపం మూసుకుంది. శివపార్వతికి చెవులు వేడెక్కాయి. పెళ్లయిన నాటి నుంచి ఆ చేతులతో ఎన్ని పడుగులు అతికిందో, ఎంతమంది ఇళ్లలో చీరల కుచ్చులు ముడేసిందో అవన్నీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంతలో వాకిట్లో బండి ఆగింది. విత్తనాలు ఇచ్చిన రైతు రాజశేఖర్. తోటలో రాతికూసాలు పాతి, తీగెలు లాగి, పందిళ్లు సిద్ధం చేసుకున్నాడు. నారు మీరు పెంచి ఇవ్వండి అని మగ్గాల వీధి పొదుపు సంఘానికి పని ఇచ్చింది అతనే. పనిచ్చిన మొదటి రైతు కూడా అతనే. బండి దిగకుండానే చౌడమ్మను అడిగాడు, ఏమైందని. సంగతి విని ముఖం ముడుచుకున్నాడు. సగం విత్తనాలు ఇంకా ప్యాకెట్లలోనే ఉన్నాయి కాబట్టి వాటిని పెట్టి చూడమన్నాడు. అవీ మొలవకపోతే ఎర్రగుంట్ల దారిలో పెద్ద నర్సరీ ఉంది, అక్కడ ఇచ్చుకుంటాను, నాకు ఆగే తీరిక లేదు అని చెప్పి బండి తిప్పుకున్నాడు. శివపార్వతి వైపు కన్నెత్తి చూడలేదు. ఎప్పుడూ చూడడు.

అతను పోయాక నిర్ణయాలు చకచకా జరిగిపోయాయి. రెండో మూట చౌడమ్మ కడుతుంది. ఆమె పుణ్యస్త్రీ, మనవళ్లనెత్తిన చెయ్యి. మూట శివపార్వతి ఇంట్లో కాక చౌడమ్మ ఇంట్లోనే ఉంటుంది. శివపార్వతి ఎరువు జల్లించే పని చూసుకుంటుంది. విత్తనం మొలిచేదాకా ఆ వసారా ఎక్కదు. "ఇది మొలిసిందంటే ఇంగ నువ్వు ఇత్తనం ముట్టాకు. సంగంలో ఉండాల్నా వద్దా అనేది ఆ పైన మాట్లాడుకుందాం" అంది చౌడమ్మ. మొలవకపోతే సంఘానికే పని పోతుంది. మొలిస్తే శివపార్వతికి పోతుంది. ఎటు తిరిగినా పోయేది ఆమెదే.

ఆమె చేట దులిపి లేచింది. చౌడమ్మ అప్పటికే పెట్టెలోంచి కొత్త గుడ్డ తీసి పసుపు అద్దుతోంది. మగ్గం మీది నుంచి కోసి నీళ్లలో కూడా తడపని గుడ్డ, గంజితో పెళపెళలాడుతోంది. మొదటి మూటకూ అలాంటిదే వాడారు. శుభకార్యానికి పాతగుడ్డ వాడే అలవాటు ఆ వీధిలో లేదు. ఇక మూటను దించేది మగ్గం గుంతలోకే. విత్తనాన్ని తేమగా ఉండేచోట పెట్టాలని ఎవరో అన్నప్పుడు ఆ వీధిలో ఎవరూ ఇంకోచోటు గురించి ఆలోచించలేదు. తేమ లేకపోతే పడుగు పోగులు పుటుక్కుమంటాయి. నేల లోపలికి కాళ్లు దించుకుని, ఆ గుంత తేమ మీదే తరతరాలు బతికిన వీధి అది. పోగుకు మంచిదైంది గింజకు కాకుండా పోతుందా అనుకున్నారు. శివపార్వతీ అలాగే అనుకుంది. తన ఇంటి గుంత చూపించింది తనే.

పారబోసిన విత్తనాలు చౌడమ్మ ఇంటి వెనక పెంట మీద పడి ఉన్నాయి. ఎరువు గంప ఎత్తుకోవడానికి వెళ్లిన శివపార్వతి వాటి దగ్గర ఆగింది. ఒక గింజ తీసుకుని పంటి కింద పెట్టి పెంకు చిట్లించింది. లోపల పప్పు తెల్లగా, గట్టిగా ఉంది. ఇంకోటి చిట్లించింది. అదీ అంతే. మూడోది మాత్రం మెత్తబడి నల్లగా ఉంది. చచ్చిన గింజ ఇలా ఉండదు. ఇవి చావలేదు. మొండికేసి కూర్చున్నాయంతే. అటూ ఇటూ చూసి, గింజలన్నీ ఏరి కొంగున కట్టుకుంది. దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. పారేసినవాటిని ఏరుకుంటే దొంగతనమెలా అవుతుందని తనకు తానే కసురుకుంది.

ఇంటికొచ్చేసరికి మామ కాశన్న అరుగు మీద దుప్పటి కప్పుకుని ఎండకు కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులతో మగ్గం మానేశాడు గానీ, మగ్గం మీద ఎవరేమన్నా ఒప్పుకోడు. వీధిలో జరిగిన మాట ఆయన చెవిన అప్పటికే పడింది. కోడలి ముఖం వైపు చూడలేక వీధి వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆయనకూ లోపల అనుమానమే. కొడుకు పోయిన దగ్గర నుంచి ఇంట్లో ఏది చెడినా ఆయన ఒక్కక్షణం కోడలి చేతుల వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకునేవాడు. శివపార్వతి అది ఎన్నడో గమనించింది. ఆ చూపు ముందు చౌడమ్మ మాటలు పెద్ద లెక్కలోవి కావు.

ఆమె లోపలికి వెళ్లింది. మొదటి మూట కింద పరిచిన గోనెపట్టా ఇంకా గుంతలోనే ఉంది. దాన్ని తీద్దామని మగ్గం పలక మీద కూర్చుని రెండు కాళ్లూ లోపలికి దించింది. దించీ దించగానే వెనక్కి లాక్కుంది. మళ్లీ మెల్లగా దించి, పాదాలు నేలకు ఆనించి అలాగే కూర్చుంది. చలి అరికాళ్ల నుంచి పిక్కల్లోకి, పిక్కల నుంచి మోకాళ్లలోకి పాకుతోంది.

కాశన్న తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. "ఏందమ్మా ఆడ కూచున్నావ్? లెయ్, జలుబు చేస్తాది" అన్నాడు.

"మామా, ఈ చలికాలంలో నువ్వు పొద్దున్నే మగ్గంలో దిగుతాంటివా?"

"యాడ దిగుతాం? పొద్దెక్కినాక దిగినా కాళ్లు కొయ్యబారిపోతాయి. గోనె సుట్టుకోని తొక్కేవాళ్లం. నా మోకాళ్లు పోయింది దీంట్లోనే గదా."

అని, ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆశ్చర్యపోయినట్టు నిలబడిపోయాడు. శివపార్వతి గుంతలోంచి తల ఎత్తి మామను చూసింది. మనిషి కాళ్లే కొయ్యబారే చోట గింజ మాత్రం ఎలా కదులుతుంది? ఎండాకాలంలో ఇదే గుంత ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఇప్పుడు మార్గశిరం. ఇంత చిన్న సంగతి వీధి వీధంతటికీ తట్టకపోవడం ఏమిటని ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

కాశన్న మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. గుంతను ఒక్క మాటంటే ఆయనకు పౌరుషం. తేమ మంచిదే, గుంతలో తప్పేం లేదు, నువ్వేదో తప్పు చేసుంటావ్ అని సణిగాడు. ఆమె ఏరుకొచ్చిన గింజల్ని గోరువెచ్చటి నీళ్లలో వేసి, జిగురు పోయేదాకా వేళ్లతో పాముతూ కడిగింది. మెత్తబడినవి తీసి పారేసింది. గంజి పులిసే ఈ జిగురు పట్టిందని ఆమెకు అనుమానం. పడుగుకు గంజి పెట్టే చేతులకు పులిసిన గంజి వాసన తెలియకుండా ఉంటుందా? అందుకని కొత్త గుడ్డ జోలికి పోలేదు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన తన చీర చింపి, వేడినీళ్లలో జాడించి, చుక్క నీరు కారకుండా పిండి, గింజల్ని పల్చగా పరిచి చుట్టింది.

వెచ్చటి చోటు వెతకడం ఇంకో తంటా. పొయ్యి మీద పెడితే ఉడుకుతాయి. ఎండలో పెడితే గుడ్డ ఎండిపోతుంది, పొద్దు వాలితే చల్లబడుతుంది. పెరట్లో నీళ్ల పొయ్యి ఉంది. స్నానాల నీళ్లు కాగే అండా కింద నిప్పులు ఆరినా, పొయ్యి గోడ చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ గోడ పక్కన ఇటుకలు పేర్చి, చుట్టను టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత వారగా వేసి, మీద గోనె కప్పింది. వచ్చి పోతూ చేతి వెనకవైపు ఆనించి చూసేది. ఎక్కువైతే డబ్బా దూరం జరిపేది, తగ్గితే రెండు పిడకలు వేసేది. చంటిబిడ్డకు నీళ్లు పోసేవాళ్లు చూసుకున్నట్టు చూసుకుంది.

పగలంతా చౌడమ్మ ఇంటి వెనక ఎరువు జల్లించడం, కొబ్బరిపొట్టుతో కలపడం, ట్రేలకు ఎత్తడం. వసారాలో చేరిన ఆడవాళ్లు లోపల గుంతలోని రెండో మూటకు దండం పెట్టుకోవడం గంపతో వచ్చిపోతుంటే ఆమెకు కనిపిస్తూనే ఉండేది. స్వర్ణలత అటువైపు వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "ఇంగా ఏం కాల్యాక్కా" అని చెప్పిపోయేది. ఇంటికి పోగానే శివపార్వతి కాళ్లయినా కడుక్కోకుండా పెరట్లోకి నడిచేది. మొదటి రోజు డబ్బా తెరిస్తే తడిసిన గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. మరునాడూ అంతే. ఆమెకు ధైర్యం జారిపోయింది. ఎంత వద్దనుకున్నా తన చేతుల్ని తనే తిప్పి చూసుకుంది. అలా చూసుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. వాళ్ల మాట తన లోపలికి కూడా వచ్చి కూర్చుందన్నమాట.

ఆ తర్వాతి పొద్దున డబ్బా మూత తీసింది కాశన్న. స్నానానికి నీళ్లు ముంచుకోబోయి, ఆగలేక తీశాడు. "అమ్మా!" అని ఆయన పెట్టిన కేకకు ఆమె చేతిలో పిండి గిన్నె వదిలేసి పరిగెత్తింది. గుడ్డ మీద గింజల ముక్కులు పగిలి, వాటిలోంచి తెల్లటి వేళ్లు వంకరగా బయటికి చూస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, చాలా వాటికి. చచ్చాయని పెంట మీద పారబోసినవి, ఆమె చెయ్యి తగిలి చెడిపోయాయన్నవి, ఇవే. శివపార్వతి అక్కడే నేల మీద కూలబడి నవ్వింది. కళ్లనిండా నీళ్లతో, బయటికి వినబడేటట్టు నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది.

కాశన్న డబ్బాను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేను గూడా అనుకున్నానమ్మా, వాళ్ల మాదిరే" అన్నాడు. తనకు తెలుసునంది ఆమె. ఆయన తల వంచుకున్నాడు. "గుంత తప్పేలే. ఒప్పుకుంటాండా" అన్నాడు. గుంతను తప్పు పట్టడం ఆయనకు ఎంత కష్టమో ఆమెకు తెలుసు కాబట్టి ఆ మాటతోనే తృప్తిపడింది.

ఆ రోజే చౌడమ్మ మూట విప్పే రోజు. రాజశేఖర్ కూడా వచ్చాడు, ఈసారి బండి దిగాడు. అదేమీ మంచి సూచన కాదు. మిగిలిన పని గురించి తేల్చి చెప్పడానికి వచ్చిన మనిషి నిలబడే తీరే వేరు. శివపార్వతి డబ్బాను కొంగు కింద పెట్టుకుని వసారా ఎక్కింది. చౌడమ్మ వద్దనబోయి, రాజశేఖర్ ఎదుట ఎందుకని ఊరుకుంది.

పసుపు గుడ్డ విప్పారు. అదే జిగురు, అదే పులిసిన వాసన. గింజలు కదల్లేదు.

ఎవరూ చౌడమ్మ చేతుల వైపు చూడకూడదనుకున్నారు, అందరూ చూశారు. చౌడమ్మ మెల్లగా ఆ రెండు చేతుల్నీ పైటలోకి దాచుకుంది. పసుపుతో, దండాలతో కట్టిన చెయ్యి, మనవళ్లనెత్తిన చెయ్యి! శివపార్వతికి సంతోషం కలిగింది. దాచుకోవలసిన పనేముంది, కడుపునిండా కలిగింది. ఈ మూట ఎవురు కట్టినారత్తా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే వీధిలో ఇంకెవరూ ఆమెను ఒక్క మాట అనరు. కానీ రేపటి నుంచి ఆ చూపులన్నీ ఇంకో ఆడమనిషి చేతుల మీద పడతాయి. ఆ చూపులు ఎలా కాలుస్తాయో ఇన్ని నెలలుగా ఆమెకు తెలుసు.

"నీ చేతికేం కాల్యాత్తా" అంది. "లేసి రా. ఒకసారి మీ గుంతలో కాళ్లు పెట్టు."

చౌడమ్మకు అర్థం కాలేదు. శివపార్వతి ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. మిగతావాళ్లు గుమ్మం దగ్గర గుంపు కట్టారు. చౌడమ్మ పలక మీద కూర్చుని కాళ్లు దించింది, అబ్బా అంటూ ముడుచుకుంది.

"ఎట్లుండాది?"

"సల్లగుండాది. ఈ కాలంలో ఎప్పుడూ ఇంతే గదా..." అంటూనే చౌడమ్మ ఆగిపోయింది. వసారాలో ఉన్న మూట వైపు చూసింది. నీళ్ల పొయ్యి దగ్గర కాళ్లు కాచుకుంటూ గడిపిన చలికాలాలన్నీ ఆమె ముఖంలో కదిలాయి.

శివపార్వతి డబ్బా తీసి మూత తెరిచింది. ఇవి ఎక్కడివని రాజశేఖర్ అడిగాడు, ఇంకోచోట కొన్నావా అని. పెంట మీద పారబోసినవేనని ఆమె చెప్పింది. ఏరుకున్నది, కడిగింది, పాత చీర చింపింది, నీళ్ల పొయ్యి పక్కన పెట్టింది, అన్నీ వరసగా చెప్పింది. గుంత చూపించింది తనేననీ, ఆ తప్పు తనదేననీ కూడా చెప్పింది. "కొత్త గుడ్డలో గంజి పులిసింది. గుంతలో చలికి గింజ బిగిసింది. నా చెయ్యి గాదు, అత్త చెయ్యి గాదు" అంది. రాజశేఖర్ ఒక మొలకను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆమెను కాదు, మొలకనే. కానీ ఎర్రగుంట్ల దారి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ పూట మగ్గాల వీధిలో పాతచీరలు చిరిగినంతగా ఎప్పుడూ చిరిగి ఉండవు. రెండో మూట గింజలన్నీ కడిగి, చెడినవి ఏరి, చిన్న చిన్న చుట్టలు చుట్టారు. ఆరు ఇళ్ల నీళ్ల పొయ్యిలు వాటికి కాపలా కాశాయి. ఒక ఇంట్లో మామగారు మంట ఎక్కువ చేసి ఒక చుట్ట ఉడకబెట్టేశాడు. ఆయన్ను వీధంతా కాకరపప్పు వండాడని ఏడిపించింది. మిగిలిన చుట్టలు ఒక్కొక్కటిగా ముక్కులు విప్పాయి. పొద్దున్నే ఆడవాళ్లు ముగ్గుకు ముందు డబ్బాలు తెరిచి చూసి, వాకిళ్లలోంచే ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. స్వర్ణలత ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడడం మానేసింది.

ట్రేలలో నాటే రోజు చౌడమ్మ వసారా అలికించింది. అందరూ కూర్చున్నాక మొదటి ట్రే తెచ్చి శివపార్వతి ముందు పెట్టింది.

"నువ్వు మొదలుపెట్టు పార్వతీ. నీది మంచి చెయ్యి."

ఆ మాట కోసం శివపార్వతి ఇన్ని నెలలుగా ఎదురుచూసింది. ఒళ్లంతా వెచ్చబడింది. గుమ్మంలో నిలబడ్డ కాశన్న పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె కాసేపు ఆ వెచ్చదనాన్ని అలాగే ఉండనిచ్చింది. తర్వాత ట్రేను అందరి మధ్యకు జరిపింది.

"మంచి చెయ్యంటే, రేపు రెండు మొక్కలు వాడితే మల్లా చెడ్డ చెయ్యంటారు. నాకు రెండూ వొద్దత్తా. అందరం పెడదాం."

చౌడమ్మకు చిన్నబోయినట్టయింది. స్వర్ణలత మాత్రం మారు మాట లేకుండా ఒక మొలక తీసి ట్రే గుంటలో పెట్టేసింది. అంతే, చేతులన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. ఎవరు మొదట పెట్టారో, ఎవరు తర్వాత పెట్టారో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. వేరు కిందికి వచ్చేలా పడుకోబెట్టండి, గోరు దింపకండి, మట్టి నొక్కకండి అని శివపార్వతి చెబుతూ ఉంటే పెద్దవాళ్లు కూడా అలాగే చేశారు. చౌడమ్మ ఒకటి తలకిందులుగా పెట్టింది. శివపార్వతి చెప్తే తీసి మళ్లీ పెట్టింది.

నారు రెండాకులు వేసి, మూడో ఆకు విప్పే నాటికి రాజశేఖర్ ఆటో తోలుకొచ్చాడు. ట్రేలు ఎక్కించుకుని, అలవాటు కొద్దీ చౌడమ్మ వైపే తిరిగి, కళింగర, అంటే పుచ్చకాయ, విత్తనాలు కూడా తెచ్చాననీ, ఇవాళే పెట్టించి తొందరగా నారు ఇవ్వాలనీ అన్నాడు.

"నన్నెందుకప్పా అడుగుతావ్? ఆమెనడుగు. ఎట్ల పెట్టాల్నో, యాడ పెట్టాల్నో ఆమే చెప్తాది" అంది చౌడమ్మ.

రాజశేఖర్ మొదటిసారి శివపార్వతి ముఖంలోకి చూశాడు. "ఏమ్మా, ఎప్పటికిస్తావ్?" అన్నాడు. ఆమె చేతి మట్టి దులుపుకుని, ప్యాకెట్ అందుకుని, ఒక గింజను వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఈ ఇత్తనం గుణం నాకు తెల్దన్నా. నాలుగు గింజలు ముందు నేను పెట్టి సూసుకుంటా. అవి మొలిసినాక చెప్తా."

"అంతవరకు?"

"అంతవరకు ఆగాల."

ఆగుతానన్నాడు రాజశేఖర్.